తిండిదండగ

తెల్లచొక్కా కాలరు మీద నీళ్లు చిలకరించి, ఇస్త్రీ పెట్టెను అంచు నుంచి మధ్యకు లాగుతున్నాడు ఇస్త్రీ బాబాయి. మధ్య నుంచి అంచుకు లాగితే మూలల్లో ముడత పడుతుంది. చేతులు చొక్కా మీదున్నాయి గానీ చెవులు మాత్రం సూపర్‌వైజరు గది వైపే ఉన్నాయి. ఇవాళ ఉద్యోగంలో ఆ మహానుభావుడి ఆఖరి రోజు. సాయంత్రం దాటితే మళ్లీ చేతికి చిక్కడు.

ఆ లాండ్రీలో అందరూ మాట్లాడేది కంపెనీ భాష. అది బాబాయి ఇంటి భాషా కాదు, సూపర్‌వైజరు ఇంటి భాషా కాదు. అందులో సూపర్‌వైజరు ఇన్నేళ్లు ఎంత నోరు పారేసుకున్నా బాబాయికి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. పోయిన నెల ఎవరినడిగి నేర్చుకున్నాడో ఏమో, అందరి ముందూ పళ్లికిలించి అచ్చ తెలుగులో అన్నాడు: "తిండిదండగ వెధవా!"

అది నాన్న మాట. కంచం ముందు కూర్చున్నప్పుడల్లా అనేవాడు. ఆయన పోయి ఎంత కాలమైందో! అయినా ఆ మాట చెవిన పడగానే బాబాయి ఇస్త్రీ పెట్టె ఎత్తడం మరిచాడు, చొక్కా కాలింది. ఇంటికెళ్తే అన్నం సహించలేదు.

"పోనిద్దురూ. దాని అర్థం వాడికేం తెలుసు?" అంది భార్య.

"తెలిసేలా చేస్తానే," అన్నాడు.

మడతలు పెట్టే అక్కది సూపర్‌వైజరు భాషే. ఆ భాషలో అలాంటి మాటొకటి చెప్పమని నెలంతా ఆమె వెంటపడ్డాడు. "వద్దన్నా, అది మా వైపు తల్లులు పిల్లల్ని బయటికి నెట్టి తలుపేసుకుంటూ అనే మాట," అంటూ అంటూనే నిన్న చెప్పేసింది. ఆమెనూ తక్కువ ఏడిపించలేదు వాడు.

సాయంత్రం వీడ్కోలు కేకు కోశాక సూపర్‌వైజరు తన ముక్క పట్టుకుని వరసగా అందరికీ చెయ్యి కలుపుతూ వచ్చాడు. బాబాయి ముందు ఆగి, "వస్తానోయ్, తిండిదండగా!" అని నవ్వాడు.

బాబాయి ఆ చెయ్యి వదల్లేదు. దగ్గరికి లాక్కుని, అక్క నేర్పిన యాసలోనే ఆ మాటను చెవిలో పోశాడు.

అంత మనిషీ కొయ్యబారిపోయాడు. సన్నటి గొంతుతో తన భాషలో ఏదో అన్నాడు. మూసి ఉన్న తలుపు వైపు చూస్తూ మళ్లీ అదే అన్నాడు. తర్వాత ఆ తలుపు తానే తీసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

బాబాయికి కడుపులో మంట చల్లారింది. హాయిగా ఉంది, అబద్ధమెందుకు?

"ఏమన్నాడక్కా?"

ఆమె తల వంచుకుని దుప్పటి మడత పెడుతోంది. "'తలుపు తియ్యమ్మా, ఆకలేస్తోంది' అన్నాడు."

"బాగా అయింది," అన్నాడు బాబాయి. ఆ మాట తనకే గట్టిగా వినబడింది.

చెయ్యి కలపడానికని సూపర్‌వైజరు పక్కన పెట్టిన వీడ్కోలు కేకు ముక్క, ఇంకా కొరకనిది, ఇస్త్రీబల్ల చివర కాగితం పళ్లెంలో అలాగే ఉంది.