జిలానీ షాపులో మిగిలిన రెండు కిలోల గ్యాసు

నేను ఒక ఇనుప సిలిండర్‌ను. పాతకాలపు ఫ్రిజ్‌లను చల్లబరిచే గ్యాసును కడుపులో పెట్టుకుని చీరాల వచ్చాను. "మండదు, విషం కాదు" అని మెచ్చుకుంటూ పంపారు నన్ను చేసినవాళ్లు. తమను వెంటనే చంపనిదాన్నల్లా మనుషులు మంచిదే అనుకుంటారు.

ఫ్రిజ్ మెకానిక్ జిలానీ చేతిలో ఇరవై ఏళ్లు ఉన్నాను. ఫ్రిజ్‌కు గ్యాసు ఎక్కించేముందు గొట్టంలోని గాలిని తరమడానికి నా గ్యాసే కాస్త బయటికి వదిలేవాడు. ఆ పనివాళ్లందరి అలవాటే అది. ఈ గ్యాసు పైకి పోయి ఆకాశాన్ని పాడుచేస్తుందట కదా అని ఎవరైనా అడిగితే గిన్నెలోకి గ్యాసు పట్టి, కొవ్వొత్తి మీద ఒంపి ఆర్పి చూపేవాడు.

"చూశారా, గాలికన్నా బరువు. నేలమీద పాకేది ఆకాశానికేం పోద్ది?"

కిందటి వేసవిలో షాపు ఖాళీ చేశాడు. పాత ఇనుము కొనే పిచ్చయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"గ్యాసున్న బండ నాకొద్దు భాయ్. మూత తిప్పి వదిలెయ్, ఎత్తుకుపోతా."

నాలో ఇంకా రెండు కిలోలుంది. జిలానీ చెయ్యి వాల్వు మీద పడింది.

"ఆగు జిలానీ!" అంది ఇందుమతి. ఆవిడ కెమిస్ట్రీ లెక్చరర్, తన ఫ్రిజ్ కోసం వచ్చింది. "అది నేలమీదే ఉండదు. గాలులు కలియబెట్టి ఏళ్లమీద పైకి చేరుస్తాయి. అక్కడి ఎండకు విరిగి అందులోని క్లోరిన్ ఊడుతుంది. మనకు గొడుగులా ఉన్న ఓజోన్‌ను తినేస్తుంది."

"దానికేదో మందు చల్లొచ్చుగా మేడం? ఇంత చదువుకున్నారు!" అన్నాడు జిలానీ.

"ఆ ఆలోచనా చేశారు. ఈథేన్, ప్రొపేన్ పైన చల్లితే క్లోరిన్‌ను పట్టేస్తాయని ఒక లెక్క. మోతాదు తప్పితే ఉన్న ఓజోన్ కూడా పోతుందని ఇంకో లెక్క. ఇక్కడే ఓజోన్ చేసి మోసుకెళ్దామంటే అంత కరెంటు ఎక్కడిది? పైన ఎండే రోజూ కొత్త ఓజోన్ చేస్తోంది. మనం చెరపకుండా ఉంటే మెల్లగా అదే మానుతుంది."

"అయితే నేను ఇన్నేళ్లూ వదిలిందంతా..." అంటూ జిలానీ వాల్వు మీంచి చెయ్యి తీశాడు.

"వదిలింది వెనక్కి తేలేం. ఇది బాపట్లలో పాత గ్యాసు తీసుకునే చోట ఇచ్చెయ్యి. పెద్ద కొలిమిలో కాల్చి విరగ్గొట్టేవాళ్లకు పంపుతారు."

పిచ్చయ్య పకపకా నవ్వాడు. "రెండు కిలోలు ఆపితే ఆకాశం అతుక్కుంటదా భాయ్?"

"అతక్కపోతే పోయె. నా చేత్తో ఇంకో చిరుగు పడదు."

బస్సులో కండక్టరు నన్ను చూసి హడలిపోయాడు. "గ్యాసు బండా? దిగు మామా, దిగు!" మండదని ఎంత చెప్పినా వినలేదు. జిలానీ నన్ను సైకిల్ వెనక కట్టుకుని నడిఎండలో బయలుదేరాడు. కాస్త దూరం పోగానే నన్ను తాకి చూశాడు. కాలిపోతున్నాను. వేడికి ఎక్కడ లీకవుతానోనని భయపడ్డాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, బోరింగు నీళ్లలో తడిపి నాకు చుట్టాడు. అది ఆరినప్పుడల్లా ఆగి మళ్లీ తడిపాడు.

బాపట్లలో నా గ్యాసంతా దింపుకున్నారు; ఇప్పుడు ఖాళీ కడుపుతో పాత ఇనుములో పడి ఉన్నాను. నేను పలచబరిచిన ఆకాశం కింద, ఒక ముసలాయన బాపట్ల దాకా తన తల ఎండబెట్టుకుని నన్ను చల్లగా ఉంచాడు.