తోకబండి మేకు

ఈ బెంచీ కుదురుగా లేదు, కుడివైపు కాలికి రబ్బరు తొడుగు ఊడిపోయింది, పాత ట్యూబు ముక్క కోసి చుడితే అరనిమిషం పని, ఇంత పెద్ద ఆసుపత్రిలో ఆ అరనిమిషం ఎవరికీ దొరకలేదు, ఛీ, ఈ వేళ నాకిదేం బుద్ధి, ఆ తలుపు వెనక నా కూతురికి తల ఆపరేషన్ జరుగుతోంది, నేనిక్కడ బెంచీకి వైద్యం చేస్తున్నాను, ఇరవై రెండు నెలల పిల్ల, పొద్దున తోకబండిలో కూర్చోబెట్టి బెల్టు బిగిస్తుంటే నా ముక్కు పట్టుకుని పీంపీం అంది, తోకబండి అని పేరు పెట్టింది పెద్దవాడు, వాడికి ఐదేళ్ళు, సైకిలు వెనక తగిలించే రెండు చక్రాల గుడ్డ బండికి అంతకంటే మంచి పేరు దాన్ని తయారుచేసినవాడు కూడా పెట్టలేదు, ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు, మొహాలు ముందుకి, అంటే దారి పొడవునా వాళ్ళు చూసేది నా వీపే, తొమ్మిదింటికి లోపలికి తీసుకెళ్ళారు, ఇప్పుడు పన్నెండు దాటింది, తలుపు పైన ఎర్ర దీపం ఆరలేదు, ఎదురు గోడకి ఆనుకుని మా ఆవిడ నిలబడి ఉంది, ఇంకా బస్సు డ్రైవరు యూనిఫారంలోనే ఉంది, డ్యూటీ మధ్యలో బస్సు ఇంకొకరికి అప్పగించి వచ్చింది, కూర్చోమంటే కూర్చోదు, నా వైపు చూసినప్పుడల్లా ఆ చూపులో జాలి, పాపం ఈయన కళ్ళముందే జరిగిందే అన్న జాలి, అది నాకు భరించడం కష్టంగా ఉంది, తిట్టినా బాగుండేది.

జేబులో మేకు తొడకి గుచ్చుకుంటోంది, మూడంగుళాల మేకు, నిన్న సాయంత్రం షాపు మూసే వేళకి ఒకావిడ వచ్చింది, ఆవిడదీ పిల్లల బండే, సైకిలుకి తగిలించే చోట పిన్ను పోతే పురికొస కట్టుకుని తొక్కుకొచ్చింది, ఇక నేను ఊరుకుంటానా, పదిహేనేళ్ళుగా సైకిలు మెకానిక్కుని, నోరు ఊరుకుంటుందా, ఏమ్మా, ఇందులో కూర్చునేది బియ్యం బస్తా అనుకున్నావా, బండికీ సైకిలుకీ ఉన్న చుట్టరికమంతా ఈ వేలెడు పిన్నే, ఒకవేళ అది జారితే బండి విడిపోకుండా పక్కన ఈ పట్టీ, దీన్ని ఫ్రేము చుట్టూ తిప్పి కొక్కెం పెట్టాలి, రోజూ బయల్దేరేముందు రెండూ చేత్తో లాగి చూసుకోవాలి, ఆవిడ బుద్ధిగా తల ఊపింది, చెప్పేవాడికి వినేవాడు లోకువ, షాపంతా వెతికినా ఆ సైజు పిన్ను దొరకలేదు, అప్పుడు నాలో ధర్మదాత మేలుకున్నాడు, మా తోకబండి పిన్ను తీసి ఆవిడ బండికి పెట్టి, పిన్ను లేకుండా పిల్లల బండి నా షాపు గడప దాటదమ్మా అని చెప్పి మరీ పంపాను, మా దానికి ఒక మేకు దూర్చి కొన సుత్తితో వంచాను, ఈ పూటకి చాల్లే అనుకున్నాను, ఎవరి బండైనా అలా పంపమంటే చెయ్యి నరికినా పంపను, మనదే కదా, ఏ మెకానిక్కు సొంత సైకిలైనా చూడండి, బెల్లు తప్ప అన్నీ మోగుతాయి, దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా, పోనీ పట్టీ అయినా ఉండాల్సింది, ఉంది కూడా, పొద్దున దారిలో ఒకాయనకి రెండు రిమ్ములు ఇచ్చిపోదామని, క్యారియర్ మీద కట్టడానికి తాడు కనిపించక, ఆ పట్టీ విప్పి వాటికి కట్టాను, పడిపోతే వంగిపోతాయని రెండుసార్లు లాగి కూడా చూశాను, రిమ్ములకి గీత కూడా పడలేదు.

పెద్దవాడి బడికి రైలు పట్టాల మీది వంతెన ఎక్కి దిగాలి, సిగ్నలు దాటగానే ఎత్తు మొదలవుతుంది, అమ్మ డ్రైవరు కాబట్టి వాడు కండక్టరు, ఎత్తు మీద రోజూ నాటకమే, ఆపాలి ఆపాలి, దిగేవాళ్ళున్నారు అని అరుస్తాడు, టిక్కెట్టు లేనివాళ్ళు మధ్యలో దింపబడరు అంటాను, చిన్నది ఏమీ అర్థం కాకపోయినా విరగబడి నవ్వుతుంది, ఇవాళ కూడా ఆపు నాన్నా ఆపు అన్నాడు, మొదలెట్టాడ్రా అనుకున్నాను, గొంతు కొంచెం దూరంగా వినిపించింది, ఎదురుగాలి అనుకున్నాను, అప్పుడే సైకిలు తేలికైంది, పెడలు కాలి కింద నుంచి జారిపోతున్నంత తేలిక, నాకు సంతోషం వేసింది, అబద్ధమెందుకు, నిజంగా సంతోషం వేసింది, నలభై దగ్గరపడినా కాళ్ళలో సత్తా ఎక్కడికీ పోలేదు, ఇద్దరు పిల్లల్ని లాక్కుంటూ ఇంత ఎత్తు ఇలా ఎక్కేవాడు ఈ చుట్టుపక్కల ఉన్నాడా అనుకున్నాను, సాయంత్రం మా ఆవిడకి చెప్పాలి అని కూడా అనుకున్నాను, రెండు కరెంటు స్తంభాల దూరం, నా పిల్లలు నా వెనక లేకుండా, మురిసిపోతూ తొక్కాను, అద్దం పెట్టించుకోవయ్యా అని మా ఆవిడ ఎన్నిసార్లు మొత్తుకుంది, నా వెనక నలభై మంది ముక్కూమొహం తెలియనివాళ్ళుంటారు, అయినా క్షణానికోసారి అద్దంలో చూసుకుంటాను, నీ వెనక ఉండేది ఇద్దరే, వాళ్ళు మనవాళ్ళు అంది, సైకిలుకి అద్దం ముసలాళ్ళ సోకు అన్నాను, షాపులో గోడ నిండా అద్దాలు వేలాడుతుంటాయి, కొనమని జనం వెంటపడేది నేనే, చివరికి వెనక్కి తిరిగింది కూడా వాడు పిలిచినందుకు కాదు, కింద ధడేలుమని చప్పుడైనందుకు.

దాని తరవాతది తలుచుకోకూడదు, తలుచుకోకూడదంటే అదే వస్తోంది, సైకిలు అక్కడే పడేసి దిగువకి పరిగెత్తాను, ఎత్తు మొదట్లో ఒక లాండ్రీ వ్యాను రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉంది, దాన్ని ఆనుకుని తోకబండి బోర్లా పడి ఒక చక్రం ఇంకా తిరుగుతోంది, జనం మూగుతున్నారు, పెద్దవాడి ఏడుపు వినిపిస్తోంది, చిన్నదాని ఏడుపు వినిపించడం లేదు, ఎందుకు వినిపించడం లేదు, పరిగెత్తుతున్నాను, దారి మధ్యలో మేకు కనిపించింది, నేను వంచిన వంపు విప్పుకుని, ఎండకి మెరుస్తూ, ఆగాను, వంగాను, తీసి జేబులో వేసుకున్నాను, మళ్ళీ పరిగెత్తాను, ఎంతసేపు పట్టి ఉంటుంది, రెండు సెకన్లు, నా పిల్ల అక్కడ రోడ్డు మీద పడి ఉంటే ఆ రెండు సెకన్లు నేను నా సంగతి చూసుకున్నాను, చెయ్యి దానంతట అదే వెళ్ళిందనుకుందామా, చెయ్యి ఎవరిది మరి, నేను చేరేసరికి జనం వ్యాను డ్రైవరుని కిందికి లాగి కొడుతున్నారు, పిల్లల్ని తీసుకెళ్తుంటే వెనకనుంచి వచ్చి కొట్టేస్తావా, కళ్ళు నెత్తికెక్కాయా, వీడేనా అన్నా అని ఎవడో నన్నడిగాడు, నేను పిల్లని ఎత్తుకుని తల ఊపాను, ఇక్కడికొచ్చాక కానిస్టేబులు కాగితం తీసి అడిగాడు, వెనకనుంచి వచ్చి కొట్టాడు, అంతేనా, అంతేనండీ అన్నాను, గొంతు కూడా తడబడలేదు.

ఆ కానిస్టేబులు వరండా చివర కిటికీ దగ్గర కూర్చుని ఇంకా రాస్తూనే ఉన్నాడు, పక్కన డ్రైవరు, యాభై దాటిన మనిషి, పెదవి చిట్లింది, చొక్కా గుండీలు తెగాయి, కాగితం పూర్తయితే నేను సంతకం పెట్టాలి, పెడితే అతన్ని తీసుకెళ్తారు, లైసెన్సు పోతుంది, ఉద్యోగం పోతుంది, పసిపిల్ల విషయం కాబట్టి జైలు కూడా తప్పదని కానిస్టేబులే అన్నాడు, ఇదిగో పిలుస్తున్నాడు, ఏమయ్యా, ఇందులో నీ పిల్లల బండి రంగు రాయాలి, నీ దగ్గర ఇంకేమన్నా ఉన్నాయా చూపించడానికి, రసీదుల్లాంటివి, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను జేబు తడుముకున్నాను, ఏమీ లేవండీ, పసుపు రంగు అన్నాను.

ఇందాక కాసేపు పక్క వార్డులో పెద్దవాడి దగ్గర కూర్చున్నాను, చెయ్యి విరిగింది, కట్టు వేశారు, నుదుటి మీద నాలుగు కుట్లు, వాడు పైకప్పు కేసి చూస్తూ, నాన్నా, నేను ఆపమన్నాను, విన్నావా అన్నాడు, విన్నానురా అన్నాను, మరెందుకు ఆగలేదన్నాడు, ఆటనుకున్నానురా అన్నాను, ఆటకైతే దిగేవాళ్ళున్నారు అంటాను కదా, ఇవాళ అనలేదు కదా అన్నాడు, వాడి లెక్క ఎంత స్పష్టంగా ఉంది, ఐదేళ్ళవాడు నిజానికి ఒక మాట, ఆటకి ఒక మాట విడివిడిగా పెట్టుకున్నాడు, నాకా తేడా చెవికెక్కలేదు, చెల్లి కూడా చెయ్యి చాపింది నాన్నా, నువ్వు చిన్నగా అయిపోతూ వెళ్ళిపోయావు అన్నాడు, నేను మంచినీళ్ళు తెస్తానని లేచి వచ్చేశాను, వాడి దగ్గర వాళ్ళ అమ్మమ్మ ఉంది, ఆవిడే ఇచ్చి ఉంటుందిలే, నాకు మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళాలంటే భయంగా ఉంది.

తలుపు తెరుచుకుంది, డాక్టరమ్మ, మాస్కు కిందికి లాగింది, గడ్డకట్టిన రక్తం తీసేశాం, ప్రాణానికి ఈ పూటకి భయం లేదు, కళ్ళు తెరవడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు, మాట, నడక, చూపు, ఇవన్నీ అప్పుడు గానీ చెప్పలేం, ఇంకా ఏదో చెబుతోంది, చూపు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను, మా ఆవిడ అంతా విని, థాంక్సండీ అంది, డాక్టరమ్మ వెళ్ళేదాకా నిలబడింది, తరవాత తిన్నగా కిటికీ వైపు నడిచింది, పొద్దుటి నుంచి దాచుకున్నదంతా డ్రైవరు మీదికి వచ్చింది, ఏమయ్యా, పదకొండేళ్ళుగా బస్సు నడుపుతున్నాను, ఒక్క పిల్లికి కూడా నా చక్రం తగల్లేదు, నీకు ఎదురుగా పసుపు రంగు బండి, జెండా ఉన్న బండి, కనిపించలేదా, తాగావా, నిద్రపోయావా, అతను లేచి నిలబడ్డాడు, కనిపించిందమ్మా, కనిపించబట్టే, నేను సిగ్నల్లో ఆగి ఉన్నాను, పైనుంచి బండి ఒక్కటే వెనక్కి దొర్లుకుంటూ వస్తోంది, వెనక ప్లాస్టిక్కు కిటికీలోంచి రెండు తలలు కనిపించాయి, అడ్డరోడ్డు మీద ఇసుక లారీ వస్తోంది, దానికి పచ్చ లైటు, ఆగదు, బండి దాని కిందికే పోతుంది, నేనేం ఆలోచించలేదు తల్లీ, వ్యాను ముందుకి ఉరికించి అడ్డం పెట్టాను, వచ్చి నా ఎడమ తలుపుకి కొట్టుకుంది, లారీ నా వెనక బంపరు గీసుకుంటూ పోయింది, ఎవరికి చెప్పినా వినలేదు, వింటేగా, కొట్టడమే, కానిస్టేబులు నవ్వాడు, అందరూ ఇలాంటి కథలే చెబుతారమ్మా, బండి దానంతట అది వెనక్కి నడిచిందట.

మా ఆవిడ నవ్వలేదు, బండి ఏ తలుపుకి కొట్టుకుందన్నావు, ఎడమ తలుపుకేనా, వెనకనుంచి వచ్చి కొట్టినవాడికి సొట్ట ముందు బంపరుకి కదా పడాలి, పక్క తలుపుకెందుకు పడుతుంది, సార్, మీరు వ్యాను చూశారా, చూడక్కర్లేదమ్మా, పిల్లల తండ్రే చెప్పాడు కదా అన్నాడు కానిస్టేబులు, అప్పుడామె నా వైపు తిరిగింది, నువ్వు చూశావా అంది, ఒక్క మాటే, అవునంటే చాలు, ఆమె నమ్మేస్తుంది, నమ్మాలని చూస్తోంది, ఇంటికి నాతోనే కదా రావాలి, నాకు మాత్రం ఆ రెండు తలలు కనిపిస్తున్నాయి, ఒకటి నల్లగా, ఒకటి ఇంకా సరిగ్గా జుట్టు రానిది, అవి అలా కిందికి దొర్లిపోతుంటే, నేను పైన నా కాళ్ళ సత్తాకి మురిసిపోతుంటే, లోకం మొత్తంలో నా పిల్లల్ని చూస్తున్నది ఈ మనిషి ఒక్కడే, లారీకి తన వ్యానుని, తనని అడ్డం పెట్టింది ఈ మనిషి, ఇతని పెదవి నా తల ఊపుకి చిట్లింది, లేచి కానిస్టేబులు దగ్గరికి వెళ్ళాను, సార్, ఆయన కొట్టలేదు, బండి నా సైకిలు నుంచి ఊడిపోయింది, పిన్ను బదులు నేనిది పెట్టాను అని మేకు తీసి కాగితం మీద పెట్టాను, కానిస్టేబులు ఏదో గట్టిగా అంటున్నాడు, డ్రైవరు కిటికీ ఊచ పట్టుకుని ఏడుస్తున్నాడు, మా ఆవిడ మేకు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, అరవలేదు, ఇది నీకెక్కడ దొరికింది అంది, రోడ్డు మీద, దారిలో అన్నాను, ఎటు వెళ్ళే దారిలో అంది, పాప దగ్గరికి అన్నాను, ఆమె మేకు కాగితం మీద పెట్టేసి పెద్దవాడి వార్డు వైపు నడిచింది, పిన్ను బదులు మేకు పెట్టిన మొగుణ్ణి ఆమె ఎప్పటికైనా క్షమిస్తుంది, పిల్ల దగ్గరికి పరిగెత్తుతూ మధ్యలో ఆగి వంగినవాణ్ణి క్షమించదు, క్షమించమని నేను అడగను కూడా.