ఉత్తుత్తి మూడు రోజులు

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాతి సంగతి. టేకల్ దగ్గరి ఒక పల్లెలో అక్కయమ్మ ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లు. కొడుకు ఓబలప్ప బంగారు గనిలో కార్మికుడు, వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. పురుగులను సాకేది అక్కయమ్మ, ఆమె కోడలు చిన్నవెంకటమ్మ. అక్కయమ్మ మొగుడు ముత్యాలప్ప మల్బరీ ఆకు కోసుకొచ్చి పడేసి, లోకంలో పనంతా తానే చేసినట్టు అరుగు మీద బీడీ వెలిగించేవాడు.

ఆ ఇంట్లో ముట్టయిన ఆడది పురుగుల గది గడప తొక్కకూడదు. తొక్కితే పురుగులు జబ్బు చేసి చస్తాయని నమ్మకం. మూడు రోజులు పశువుల కొట్టంలో ఒక మూల కూర్చోవాలి. ఆమెను తాకినవాళ్లు కూడా తలస్నానం చేసేదాకా ఆ గదిలోకి పోకూడదు. కాబట్టి ఎవరికి ఎప్పుడు ముట్టయిందో ఎవరినీ అడగనక్కరలేదు, కొట్టంలోకి తొంగి చూస్తే చాలు. పాపం పురుగులకు ఇవేవీ తెలియవు, ఆకు దొరికితే తింటాయి.

చిన్నవెంకటమ్మకు నెల తప్పింది. ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు ఒకసారి తప్పితే అక్కయమ్మ సంతోషం పట్టలేక సాయంత్రానికల్లా ఊరంతా చెప్పేసింది. మూడో నెలలో అది కాస్తా పోయింది. ఆ తర్వాత ఎదురైన ప్రతి ఆడదీ "ఏమే, మళ్లా ఏమన్నా ఉండాదా?" అని పొట్ట వైపు చూసేది. ఈసారి నిలిచిందని తేలేదాకా నోరు మెదపకూడదని చిన్నవెంకటమ్మ నిశ్చయించుకుంది. కానీ కొట్టంలో కూర్చోకపోతే అత్తకు తెలిసిపోతుంది. అందుకని వేళకు చాప చంకన పెట్టుకుని పోయి ఉత్తుత్తికే కూర్చుంది. మూడు రోజులు ఆకు తరిగే పని తప్పింది, అది బాగానే ఉంది. రెండో నెలా అలాగే పోయి కూర్చుంది.

ఆ నెల కూర్చున్న రెండో రోజు మధ్యాహ్నం పొత్తికడుపులో కుడివైపు కత్తి దిగినట్టయింది. ఒళ్లంతా చెమట పట్టింది. ఎందుకో భుజం కూడా పీకింది. అత్తను పిలవబోతూనే ముందుకు తూలింది. రాగి సంగటి దూరంగా పెట్టిపోదామని వచ్చిన అక్కయమ్మకు కోడలు గడ్డిలో ఒరిగిపోయి కనిపించింది. అవి పురుగులు గూడు కట్టే ముందు తిండికి ఎగబడే రోజులు. కోడలిని తాకితే తలస్నానం అయ్యేదాకా వాటికి ఆకు వేసేవాళ్లు లేరు. అక్కయమ్మకు ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది, ఒక్క క్షణం నిలబడింది కూడా. తర్వాత సంగటి అక్కడే పడేసి కోడలిని రెండు చేతులా ఎత్తుకుంది.

పాల లారీ అతన్ని బతిమాలి గని ఆసుపత్రికి చేర్చారు. లేడీ డాక్టరు నాడి పట్టుకుంది, కనురెప్ప లాగి చూసింది. పొట్ట మీద చెయ్యి వేయగానే చిన్నవెంకటమ్మ కేక పెట్టింది.

"నెల తప్పిందా?" అని డాక్టరు అడిగింది.

"లేదమ్మా," అని అక్కయమ్మ అందుకుంది. "పోయిన నెలా కూకున్నాది, ఈ నెలా కూకోనుండాది. నా చేత్తోనే దూరంగా సంగటి పెట్టినాను. మా ఇంట్లో అట్లాటి లెక్క తప్పేదే లేదు."

డాక్టరు ఆ సాక్ష్యాన్ని పక్కనపెట్టి కోడలి మీదికి వంగింది. "నువ్వు చెప్పమ్మా. గర్భమైతే ఇప్పుడే ఆపరేషన్ చేయాలి. తప్పు చెబితే ప్రాణం పోతుంది."

చిన్నవెంకటమ్మ అత్త వైపు చూసింది. చావంటే భయమే. కానీ ఆ క్షణంలో అత్తంటే అంతకన్నా ఎక్కువ భయం వేసింది, మనుషులు అలాగే ఉంటారు మరి. కళ్లు మూసుకుని చెప్పింది.

"ముట్టు కాలేదు మేడం. రెండు నెల్లూ ఉత్తుత్తికే కూకున్నాను."

డాక్టరు సూది దించి చూస్తే కడుపులో రక్తం. గర్భం సంచిలో కాకుండా పక్క నాళంలో పెరిగి, ఆ నాళం పగిలిందని చెప్పి అప్పటికప్పుడే ఆపరేషన్‌కు తీసుకుపోయారు. షిఫ్టు ముగించి గనిలోంచి పైకొచ్చిన ఓబలప్ప కబురు విని, మొహం కూడా కడుక్కోకుండా పరుగెత్తి వచ్చి రక్తమిచ్చాడు. బిడ్డ దక్కలేదు, ఒక నాళం పోయింది. మనిషి మిగిలింది. రెండో నాళం బాగానే ఉందనీ, మళ్లీ నెల తప్పితే వెంటనే వచ్చి చూపించుకోవాలనీ డాక్టరు చెప్పింది.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ అక్కయమ్మ మంచం పక్కనే నేల మీద పడుకుంది. గంజి తాగించింది, తల దువ్వింది. కుట్లు విప్పిన రోజు అడిగింది.

"ఎందుకట్ల చేస్తివే? నేనంత చెడ్డదాన్నా?"

"చెడ్డదానివి కాదత్తా. నువ్వు అందరికీ చెప్పేస్తావు."

అక్కయమ్మకు ఒళ్లు మండింది. అది నిజమే కాబట్టి ఇంకా మండింది.

ఇంటికి వచ్చేసరికి సగం పురుగులు చచ్చిపోయాయి. ముత్యాలప్ప తనకు తెలిసినంత సాకాడు, తెలిసింది తక్కువ. పక్కింటి మారమ్మ వచ్చి, ఇదంతా మైల వల్లనే అని తీర్పు చెప్పి, ఆపరేషన్ దేనికని ఆరా తీసింది.

"ఆకు లేక చచ్చినాయి," అంది అక్కయమ్మ. "దానికి పేగు ఆపరేషను. పొయ్యి నీ పని చూసుకో."

చిన్నవెంకటమ్మ మొదట గోడ పట్టుకుని, తర్వాత పట్టుకోకుండా నడిచింది. నీళ్ల బిందె ఎత్తబోతే అత్త లాక్కునేది. కొన్నాళ్లకు ముట్టయింది, ఈసారి నిజంగానే. చాప తీసుకుని కొట్టంలోకి పోయింది.

అక్కయమ్మ సంగటి తెచ్చి దూరంగా పెట్టలేదు. పక్కనే, మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చుంది.

"నన్ను తాకితివి గదత్తా, పురుగులకు ఆకు ఎవురు వేస్తారు?"

"ఇంగ మీ మామ నేర్చుకుంటాడులే."

చిన్నవెంకటమ్మకు ఆసుపత్రిలో రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. పోయిన ఇద్దరి కోసమూ వెక్కి వెక్కి ఏడ్చింది. అత్త ఊరుకోమనలేదు. నేల వైపు చూస్తూ మెల్లగా అంది.

"ఓబలప్ప కన్నా ముందు నాకూ ఒకటి పొయింది, ఈ కొట్టంలోనే. మీ మామకు కూడా చెప్పలేదు."