యాభై ఏడు పక్కన చుక్క

ఓట్లు లెక్కపెట్టే రోజున వదినగారి చేతిసంచిలో ఎర్ర అట్ట పొడుగు పుస్తకం, చెక్కి పెట్టుకున్న పెన్సిళ్లు రెండు, కళ్లజోడు తుడుచుకునే గుడ్డ, మంచినీళ్ల సీసా తప్ప ఇంకేమీ ఉండవు. ఫోను లోపలికి రానివ్వరు. రానిచ్చినా ఆవిడ తెచ్చేది కాదు. ముప్పై ఏళ్లు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి, అంకె కాగితం మీద కనబడితేనే అంకె అంటుంది.

ఊరంతా ఆవిడని వదినగారు అనడానికి కారణం, వాళ్ల శాసనసభ్యుడు ఆవిడని వదినా అనడమే. ఆయన ఆవిడ భర్తకి తమ్ముడు. బస్సు కండక్టరుగా పనిచేస్తూ, యూనియన్ నాయకుడై, ఆ ఉద్యోగం కూడా వదిలేసి ఎన్నికల్లో దూకాడు. మొదటిసారి ఆరు వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయాడు. రెండోసారి పదకొండు వందల నలభైతో. మూడోసారి సరిగ్గా యాభై ఏడు ఓట్లతో గెలిచాడు. ఆ తర్వాత రెండుసార్లు వేలల్లో మెజారిటీ వచ్చినా, జనం నోట నిలిచింది మాత్రం ఆ యాభై ఏడే. ఎగతాళికి అవతలి వాళ్లు పెట్టిన పేరు ముద్దుపేరయిపోయింది. "యాభై ఏడు వస్తున్నాడ్రోయ్" అంటే వీధి చివర ఆయన జీపు కనబడ్డట్టే లెక్క. ఆయన కూడా నవ్వేసి ఊరుకునేవాడు.

వదినగారు మాత్రం ఆ పేరు విని ఏనాడూ నవ్వలేదు. ఎర్ర పుస్తకంలో మరిది పోటీ చేసిన ప్రతి ఎన్నికా బూత్‌లవారీగా రాసి ఉంటుంది. మూడో ఎన్నిక పేజీ అడుగున 57 పక్కన పెన్సిలుతో పెట్టిన ఒక చిన్న చుక్క ఉంది. దాని సంగతి తనకి తప్ప ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం.

ఇది ఆరో ఎన్నిక. ఆటల హాల్లో పద్నాలుగు బల్లలు వేశారు. బల్లలకీ ఏజెంట్లకీ మధ్య తీగల జాలి కట్టారు. నేల మీద ఆటకోసం గీసిన తెల్లగీతల మీదే కుర్చీలు. పొద్దున్న ఎనిమిదింటికి మొదటి మిషను తెరిచినప్పటినుంచీ వదినగారికి కాలు నిలవడం లేదు. డెబ్భై ఏళ్ల మనిషి, బల్ల నుంచి బల్లకి జాలి పట్టుకుని నడిచేస్తోంది.

మొదటి రౌండులో మరిదికి నాలుగు వందల ఆధిక్యం. మూడో రౌండుకి అది ఆవిరైపోయి, ఏడో రౌండుకి పన్నెండు వందలు వెనకబడ్డాడు. అవతలి అభ్యర్థి మందుల షాపాయన. మూడో ఎన్నిక నుంచీ ప్రతిసారీ నిలబడుతున్నాడు, ప్రతిసారీ ఓడిపోతున్నాడు, అయినా షాపు మూసినంత నింపాదిగా ఇంటికి వెళ్లి మళ్లీ ఐదేళ్లకి వస్తాడు. ఈసారి ఆయన మనుషులు అప్పుడే ఈలలు వేస్తున్నారు.

"అయిపోయిందమ్మా, మన పని అయిపోయింది," అన్నాడు మరిది జీపు డ్రైవరు. అతనికీ ఏజెంటు కార్డు ఇప్పించారు. పొద్దున్నుంచీ అతను చేస్తున్న పని గోళ్లు కొరుక్కోవడమే.

"నోరు మూసుకో. ఇంకా రైల్వే కాలనీ రాలేదు," అంది వదినగారు పుస్తకంలోంచి తలెత్తకుండా.

రైల్వే కాలనీ పదో రౌండులో వచ్చింది. ఆవిడ చెప్పినట్టే వెయ్యి మూడు వందలు తెచ్చింది. హాలు ఒక్కసారి హోరెత్తింది. పదకొండులో ఇటు తొంభై, పన్నెండులో అటు రెండు వందలు. డ్రైవరు ఆవిడ పెన్సిలు వైపే చూస్తున్నాడు. బయట గేటు దగ్గర జనం ఒక రౌండుకి అరుస్తున్నారు, మరో రౌండుకి చల్లబడిపోతున్నారు. ఇన్ని ఎన్నికలు చూసిన వదినగారే ఒక పెన్సిలు మొన విరగ్గొట్టి రెండోది తీసింది. ఇంత పోటీ మూడో ఎన్నిక తర్వాత మళ్లీ ఇదే.

పదహారో రౌండు ఆఖరిది. మూడో నంబరు బల్ల దగ్గర ఒక మిషను మొరాయించి గొడవయింది. వదినగారు అక్కడ నిలబడి చూస్తుండగానే మిగతా బల్లలు లెక్క ముగించేశాయి. ఆ బల్లల అంకెలు ఆవిడ స్వయంగా చూడలేకపోయింది. అధికారులు అంటించిన కాగితం చూసి పుస్తకంలోకి ఎక్కించింది. మొత్తం కూడింది.

నలభై మూడు. మరిదికి నలభై మూడు ఓట్ల ఆధిక్యం.

డ్రైవరు ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తున్నాడు. మరిది హాలు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చుట్టూ మనుషులు ఆయన్ని ఎత్తేస్తున్నారు. మందుల షాపాయన గోడవారన బెంచీ మీద కూలబడ్డాడు. లెక్కింపు అధికారిణి మైకు దగ్గరకి నడుస్తోంది.

వదినగారికి ఒక అలవాటుంది. ఏ కూడికైనా పైనుంచి కిందకి చేశాక, కిందనుంచి పైకి ఇంకోసారి చేస్తుంది. ముప్పై ఏళ్లు పిల్లల చేత చేయించింది, ఇప్పుడు తను మానేస్తుందా. పెన్సిలు ఆఖరి గడి నుంచి పైకి పాకి, కాగితం చూసి ఎక్కించిన అంకెల్లో అరవై ఒకటో బూత్ దగ్గర ఆగిపోయింది.

అరవై ఒకటో బూత్: మరిదికి మూడు వందల ఎనభై ఎనిమిది, మందుల షాపాయనకి నూట డెబ్భై ఒకటి.

అరవై ఒకటి పిండి మిల్లు వెనక వీధి. మందుల షాపాయన పుట్టి పెరిగిన వీధి, ఆయన అన్నదమ్ములూ బావమరుదులూ కాపురాలుండే వీధి. మరిదికి అక్కడ ఎప్పుడూ వచ్చేవి నూరు, నూట ఇరవై. ఆయన గాలి బలంగా వీచిన గత రెండుసార్లూ కూడా నూట నలభై తొమ్మిదీ, రెండు వందల మూడూ. అలాంటిది ఇప్పుడు షాపాయనకన్నా రెట్టింపా? ఇది జరిగే పని కాదు.

పైగా ఇదే బూత్‌లో ఇదే తప్పు ఇంతకుముందు ఒకసారి జరిగింది. ఆ సంగతే ఆ చుక్క.

మూడో ఎన్నికలో అరవై ఒకటో బూత్ బల్ల దగ్గర గుమాస్తా ఒకాయన, పేర్లు వరుస తప్పి రాసి ఉంచుకున్న కాగితంలోనే అంకెలు నింపేశాడు. మూడు, నాలుగు వరుసలు తారుమారయ్యాయి. షాపాయన మూడు వందల అరవై ఐదూ మరిది ఖాతాలో పడ్డాయి, మరిది నూట ఇరవై రెండూ షాపాయనకి పోయాయి. ఆ హడావిడిలో ఎవరూ చూసుకోలేదు. వారం తర్వాత పుస్తకంలోకి సాపు రాస్తూంటే, మిషను చూసి తను గీసుకున్న చిత్తు చీటీ వదినగారి కంటపడింది. సరిగ్గా లెక్కేస్తే మరిది నాలుగు వందల ఇరవై తొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు.

ఆ వారమే మంచంలో ఉన్న ఆవిడ భర్త లేచి కూర్చున్నాడు. ఊపిరితిత్తులు పాడై ఏడాదిగా ముద్ద మింగని మనిషి, తమ్ముడు గెలిచాడని నవ్వుతూ రెండు పూటలా తిన్నాడు. వచ్చినవాళ్లందరికీ యాభై ఏడు, యాభై ఏడు అని చెప్పుకున్నాడు. ఆ నవ్వు చెరపడానికి ఆవిడకి చేతులు రాలేదు. నాలుగు నెలలకి ఆయన పోయాడు, ఫిర్యాదు గడువూ పోయింది. చీటీ మడిచి పుస్తకంలో పెట్టి, అంకె పక్కన చుక్క పెట్టి, పదిహేనేళ్లు కడుపులో దాచుకుంది. వేల మంది పిల్లల చేత తప్పు లెక్కలు దిద్దించిన మనిషికి అది మామూలు బరువు కాదు.

మైకు గరగరమంది.

"ఆగండి," అంది వదినగారు. ఆ అరుపుల్లో ఎవరికీ వినబడలేదు. మళ్లీ అంది, ఈసారి క్లాసులో ఆఖరి బెంచీకి వినబడే గొంతుతో. "అమ్మా, ఒక్క నిమిషం ఆగండి. అరవై ఒకటో బూత్ మిషను మళ్లీ చూడాలి."

హాలు చప్పున చల్లారిపోయింది. అధికారిణి కాగితం దించి చూసింది. "మీరు ఏ పక్షం ఏజెంటు?"

"గెలిచిన పక్షం."

"గెలిచినవాళ్లు మళ్లీ లెక్కపెట్టమనడం నా సర్వీసులో చూడలేదండీ."

డ్రైవరు ఆవిడ చెయ్యి పట్టుకుని లాగాడు. "అమ్మా, మీకు దండం పెడతాను. గెలిచాం కదా, ఇంకా ఎందుకు కెలుకుతారు? అది అటూ ఇటూ అయితే మన గతేంటి?"

అటూ ఇటూ అయితే ఏమవుతుందో ఆవిడ అప్పటికే మనసులో లెక్కేసుకుంది. అంకెలు తారుమారయితే మరిది మూడు వందల తొంభై ఒకటితో ఓడిపోతాడు. ఆయనకి అరవై దాటాయి, ఇంకో ఐదేళ్లు ఆగి పోటీ చేసే ఓపిక ఉండదు. ఆయన చరిత్ర ఇక్కడితో, ఓటమితో, సొంత వదిన చేతుల మీదుగా ముగిసిపోతుంది. అయినా అర్జీ కాగితం అడిగి తీసుకుంది.

"ఎవరికైనా అభ్యంతరముందా?" అని అధికారిణి మరిది వైపు చూసింది.

ఆయన వదినగారి వైపు చూశాడు. మొహంలో కోపం లేదు, కంగారు లేదు. "వదిన అడిగింది చెయ్యండి," అన్నాడు.

మిషను తెచ్చి బల్ల మీద పెట్టారు. మందుల షాపాయన బెంచీ మీంచి లేచి వచ్చి జాలికి ముక్కు ఆనించాడు. ఆయన మొహంలో ఆశ చూడలేక వదినగారు చూపు తిప్పుకుంది. గుమాస్తా సీలు చూపించి, మీట నొక్కాడు. అంకెలు ఒక్కో వరుసా వెలుగుతున్నాయి. ఒకటో నంబరు, పదకొండు. రెండో నంబరు, ఆరు. డ్రైవరు కళ్లు మూసేసుకున్నాడు.

మూడో నంబరు షాపాయన. నూట డెబ్భై ఒకటి.

నాలుగో నంబరు మరిది. మూడు వందల ఎనభై ఎనిమిది.

వదినగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. అంకెలు మారలేదు. పేర్ల వరుస తనే వేలు పెట్టి సరిచూసుకుంది. గుమాస్తా ఇంకోసారి మీట నొక్కాడు, ఇంకోసారి అవే అంకెలు. పిండి మిల్లు వెనక వీధి నిజంగానే మరిదికి ఓటేసింది. నలభై మూడు నిజం గెలుపు, ఎవరు ఎటునుంచి కూడినా నలభై మూడే. హాలు కప్పు ఎగిరిపోయేలా అరిచింది. వదినగారికి పట్టరాని సంతోషంతో ఏడుపొచ్చింది, ఆవిడ దాచుకోలేదు.

డ్రైవరు నేల మీద తెల్లగీత పట్టుకుని కూర్చుండిపోయాడు. "నా ప్రాణం తీశారు కదమ్మా," అన్నాడు.

కాసేపటికి మరిది జనాన్ని విడిపించుకుని వచ్చి ఆవిడ పక్కన కుర్చీ లాక్కున్నాడు. చొక్కా బొత్తాలు రెండు తెగిపోయి ఉన్నాయి.

"ఏమయ్యా, ఆ వీధి నీకెలా వేసింది?" అంది వదినగారు. "నా పుస్తకంలో లేని సంగతి ఏదో ఉంది."

"ప్రతి బుధవారం అక్కడికే వెళ్తున్నానుగా వదినా."

నిజమే. మనకి ఓట్లు రాని వీధి చుట్టూ వారం వారం చెప్పులరిగేలా ఎందుకు తిరగడమని పార్టీవాళ్లు గొణుక్కుంటూనే ఉన్నారు. మిల్లు మెట్ల మీద కూర్చుని అందరి అర్జీలూ తీసుకునేవాడు. ఆ వీధికి కుళాయిలు వేయించాడు, మురుగు కాలవ కప్పించాడు, ఆడపిల్లల బడికి మేడ కట్టించాడు. షాపాయన్ని ఉడికించడానికి చేస్తున్నాడని ఇన్నాళ్లూ అనుకుంది వదినగారు.

"మూడోసారి గెలిచాక, సభ్యుల పరిచయ పుస్తకానికి నా వివరాలు రాసివ్వమన్నారు," అన్నాడు మరిది, గొంతు తగ్గించి. "తేదీల కోసం మీ ఎర్ర పుస్తకం తీశాను. చుక్క కనబడింది. మీరు కారణం లేకుండా చుక్క పెట్టరు. వెతికితే చీటీ దొరికింది."

వదినగారు ఎర్ర పుస్తకం ఒళ్లోకి లాక్కుంది.

"రాజీనామా చేసే ధైర్యం నాకు లేకపోయింది. అన్నయ్య పోయిన నెల అది. ఆ సాకు చెప్పుకున్నాను. ఆ వీధి ఓట్లతో గెలిచాను, ఆ వీధి వెయ్యకుండానే. కనీసం వాళ్ల చేత నిజంగా వేయించుకోవాలని పట్టు పట్టాను. పదిహేనేళ్లు పట్టింది."

"మరి ఇందాక మిషను తెరవమన్నప్పుడు నీకు భయం వెయ్యలేదా?"

"చచ్చేంత వేసింది. ఆ బుధవారాలన్నీ ఉత్తివేనా అని." ఆయన చెయ్యి చాపాడు. "పుస్తకం, పెన్సిలు ఇలా ఇవ్వండి."

మూడో ఎన్నిక పేజీ తీసి, 57 కొట్టేసి, చుక్క పక్కన తన దస్తూరీతోనే రాశాడు: ఓటమి, 429. కింద సంతకం పెట్టాడు. తర్వాత ఆ మడిచిన చీటీ వేళ్ల మధ్య పట్టుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని లేచాడు.

"ఎక్కడికి?" అంది వదినగారు, ఆయన ఎటు చూస్తున్నాడో గమనించాక.

గోడవారన మందుల షాపాయన ఒక్కడే చెప్పులు వెతుక్కుంటున్నాడు. "ఆయనకి చూపించాలి. బయట ఊరేగింపు మొదలయ్యేలోపే. ఆ తర్వాత నాకు మళ్లీ ధైర్యం రాదు."

బయట గేటు దగ్గర జనం అప్పుడే కొత్త పేరుతో అరుస్తున్నారు, నలభై మూడు, నలభై మూడు అని. మరిది ఆ తెల్లగీతల మీదుగా అవతలి బెంచీ వైపు నడిచాడు. వదినగారు చేతిసంచి సర్దుకుంటూ ఆయన చరిత్ర మళ్లీ ఒకసారి కూడింది, పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ. మూడు గెలుపులు, మూడు ఓటములు. ఎటునుంచి కూడినా సరిపోయింది. ఆవిడ కూడా లేచి మరిది వెనకాలే నడిచింది, ఆ చీటీ మీద ఉన్న దస్తూరీ తనది కాబట్టి.