మూడో రోజు తాడు

ఇనుప కడ్డీ మొదటి దెబ్బ సీసాలు మోసుకెళ్ళే బెల్టు అంచు మీద పడింది. రెండోది మేస్త్రీ భుజం మీద పడింది. మూడో దెబ్బకు కడ్డీ లేచేలోపే మూటలు మోసేవాళ్ళిద్దరు వెనకనుంచి వచ్చి ఆ మనిషిని నేలకేసి కొట్టారు. కింద పడి కూడా అతను అడిగిన మాటే అడుగుతున్నాడు.

"ఆ సంచికి ఏ తాడుంది? అదొక్కటీ చెప్పండి, పోతాను. ఏ తాడుంది?"

అతను పొడుగామె మొగుడు. పొడుగామె పోయి తొమ్మిది రోజులైంది. పదకొండేళ్ళు ఈ బెల్టు దగ్గర నిలబడి సీసాలు ఏరింది. ఆమె పక్కన నిలబడితే దూలాలు కూడా కిందికి దిగినట్టుంటాయని తోటివాళ్ళు ఆటపట్టించేవారు.

ఇళ్ళలో వాడి పడేసిన సీసాలు, డబ్బాలు, పాల ప్యాకెట్లు సంచుల్లో ఈ షెడ్డుకు వస్తాయి. ఏరి రకానికి రకం వేరుచేస్తే కంపెనీ కరిగించి కొత్త సరుకు చేస్తుంది. ఊళ్ళో అంటుజబ్బు మొదలవగానే షెడ్డు రెండు నెలలు మూసేశారు. కూలీ ఇవ్వలేదు. ఇంకోచోట చేరితే మళ్ళీ రానిచ్చేది లేదన్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. తెరిచాక సగం మందినే పిలిచి కొత్త పద్ధతి పెట్టారు. వచ్చిన సంచి మూడు రోజులు పెరట్లో కదలకుండా పడుండాలి. ఆలోగా దాన్నంటుకున్న రోగం చస్తుందట. వచ్చిన రోజు ఎర్ర తాడు, మర్నాడు పసుపు తాడు, మూడు రోజులూ నిండాక ఆకుపచ్చ తాడు. ఆకుపచ్చ తాడున్న సంచే బెల్టు దగ్గరికి రావాలి. ఈ సంగతంతా కంపెనీ రంగు కాగితాల మీద అచ్చేయించి ఇంటింటికీ పంచింది.

పద్ధతి మంచిదే. అది మూడు వారాలు బతికింది. చేతులకు రాసుకునే మందుకు సీసాలు చాలక పాత సీసా ధర రెట్టింపైంది. సంచులు మూడు రోజులు పడుకుంటే యజమానికి కంటిమీద కునుకు రాలేదు. మేస్త్రీని పిలిచి ఏం చెప్పాడో గానీ, సాయంత్రం ఎర్ర తాడుతో ఉన్న సంచి పొద్దున్నకల్లా ఆకుపచ్చ తాడు కట్టుకునేది.

ఆ తాళ్ళు కోసేది కత్తెరమ్మ. బెల్టు మొదట్లో నిలబడి, తాడు కోసి, సంచి గుమ్మరించడం ఆమె పని. అందుకే ఆ పేరు. మేస్త్రీ ఆమె సొంత తమ్ముడు. యజమాని కాళ్ళావేళ్ళా పడి వాణ్ణి పనిలో పెట్టించింది ఆమే.

సంచి వయసు తాడు కంటే పాలు బాగా చెబుతాయి. ఖాళీ ప్యాకెట్టు అడుగున నాలుగు చుక్కలు మిగులుతాయి. మూడు రోజులకు అవి విరిగి, కుళ్ళి, కంపు కొడతాయి. మూడు వారాల కిందట ఒక సోమవారం కత్తెరమ్మ ఒక ఆకుపచ్చ తాడు కోయబోతే, సంచి చిరుగులోంచి కారిన పాలు చేతికి తగిలాయి. ఇంకా విరక్కుండా తెల్లగా ఉన్నాయి. ఆమె తమ్ముడి వంక చూసింది. వాడు తల తిప్పుకున్నాడు. ఆమె కోసి గుమ్మరించింది. మందు సీసాలు, చీదిన గుడ్డలు పడ్డాయి. "పాపం, ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదే" అంటూ పొడుగామె ఆ గుడ్డలు పక్కకు తీసింది. వారం తిరక్కుండా ఆమెకు జ్వరం వచ్చింది. తర్వాత ఊపిరి ఆడలేదు.

చెబితే తమ్ముడి పని పోతుంది, దాంతోపాటు తనదీ పోతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. కత్తెరమ్మ నోరు కట్టుకుంది. ఇది పిరికితనమే. దీనికి మర్యాదైన పేరు వెతకడం అనవసరం.

మేస్త్రీ భుజం పట్టుకుని లేచాడు. మూటలు లాగే ఇనుప కొక్కెం చేతిలోకి తీసుకుని, కిందపడ్డ మనిషి డొక్కలో తన్నాడు.

"ఏ తాడైతే నీకేంట్రా? మీ ఆవిడ బజారుకు పోలేదా? నలుగురిలో తిరగలేదా?"

"ఎక్కడికీ పోలేదు. ఇంటినుంచి ఇక్కడికి, ఇక్కణ్ణుంచి ఇంటికి. నేను భయపడుతుంటే, ఆకుపచ్చ తాడువే ఏరుతున్నాంలే, ఏం కాదంది."

రెండో తన్ను మూతి మీద పడింది. పన్నొకటి ఊడి సీసాల మధ్యకు దొర్లింది. దూరందూరంగా నిలబడాలని నేల మీద గీసిన పసుపు గుండ్రాల్లో ఆడవాళ్ళు కదలకుండా ఉండిపోయారు. అతను నెత్తురు ఉమ్మి, కత్తెరమ్మ వైపు తల ఎత్తాడు.

"కోసేది నువ్వేగా. నువ్వు చెప్పమ్మా."

"వీణ్ణి బయట పడెయ్యండి" అన్నాడు మేస్త్రీ. "బెల్టు వెయ్యండి. అక్కా, నువ్వు కొయ్యి."

బెల్టు కదిలింది. కత్తెరమ్మ ముందు సంచి ఉంది, దానికి ఆకుపచ్చ తాడుంది. ఆమె మాస్కు గడ్డం కిందికి లాగింది. షెడ్డులో మాస్కు తీస్తే సగం రోజు కూలీ కోత. వంగి సంచి మూతి దగ్గర గట్టిగా వాసన చూసింది.

"ఇది నిన్నటిది" అంది. "ఆ రోజుదీ అంతే. తెలిసే కోశాను అన్నయ్యా."

"తెలిసే?" అన్నాడు అతను. చేతికందిన గాజు సీసా తీసి ఆమె మీదికి విసిరాడు. అది కనుబొమ్మ మీద తగిలి పగిలింది. నెత్తురు కంట్లోకి దిగింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆ దెబ్బ తనకు రావలసిందేనని ఆమెకు తెలుసు. అతనికి రెండో సీసా అందలేదు. నేల మీద బోర్లా పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మూటలు మోసేవాళ్ళు అతణ్ణి బయటికి ఈడ్చబోయి ఆగిపోయారు.

"నోర్ముయ్యవే" అని మేస్త్రీ కొక్కెం తిరగేసి అక్క ముంజేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు బెల్టు మోతలోనూ వినబడింది. కత్తెర కింద పడింది. ఆమె చెయ్యి పొట్టకు అదుముకుని వంగిపోయింది. కొట్టాక గానీ ఎవర్ని కొట్టాడో మేస్త్రీకి తెలిసినట్టు లేదు. గొంతు మారింది.

"అక్కా, లారీ బయట నిలబడుంది. ఇవాళ నిండకపోతే నన్ను పీకేస్తారు. నీ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. రెండో చేత్తో కొయ్యి."

"కొయ్యను."

"నువ్వు కొయ్యకపోతే ఎవరు కోస్తారే?"

"నువ్వే కొయ్యి" అంది కత్తెరమ్మ, నొప్పితో పళ్ళు బిగబట్టి. "నువ్వు కట్టిన తాడేగా. మూడు రోజులూ నిండిందేగా. కోసి, అందులో చేతులు పెట్టి ఏరు."

మేస్త్రీ చుట్టూ చూశాడు. ఎవరూ పనిలోకి వంగలేదు. బెల్టు ఖాళీగా తిరుగుతోంది. అతను కత్తెర తీసుకుని సంచి దగ్గరికి వచ్చాడు. మాస్కు కళ్ళదాకా లాక్కున్నాడు. ఊపిరి బిగబట్టి, మొహం వీలైనంత అవతలికి తిప్పుకుని, ఆకుపచ్చ తాడును కత్తెర నోట్లో పెట్టాడు.

అందరూ అతని చేతినే చూస్తున్నారు. కత్తెర మూసుకోవడం లేదు.