తొమ్మిది రోజుల టాపు

చెంబెడు నీళ్లు పోయించి, జానయ్య టాపు కిందికి దూరి తల ఎత్తి చూశాడు. కుట్ల వెంట ఒక్క చుక్కా దిగలేదు. ఇంకోసారి పొయ్యమని భార్య బాలనర్సమ్మకు చెయ్యి ఊపాడు. ముప్పై ఏళ్లుగా ఇలా కింద కూర్చుని చూడకుండా ఆయన ఏ జీపు టాపూ ఇవ్వలేదు.

సూర్యాపేట కొత్త బస్టాండు వెనక రేకుల షెడ్డు ఆయనది. ఒకప్పుడు ఆత్మకూరుకు, నేరేడుచర్లకు తిరిగే కిరాయి జీపులన్నింటికీ ఆయన కుట్టిన గుడ్డ టాపులే ఉండేవి. ముతక కాన్వాసులోకి సూది తోసి తోసి కుడి బొటనవేలి గోరు నల్లబడి పక్కకు తిరిగిపోయింది. సొంత జీపు లేదు. టాపు బిగించాక ఓనరు బజారు చివరిదాకా తిప్పి తెస్తే అదే ఆయన షికారు.

ఈ టాపు కుట్టమని చెప్పింది కోదాడ సాయికిరణ్. కోదాడ, మిర్యాలగూడ కుర్రాళ్ల పాత జీపుల క్లబ్బుకు అతనే పెద్ద. పాత పద్ధతిలో, అంచులు చేత్తో కుట్టింది కావాలన్నాడు. ఛాతీలో నొప్పి వస్తూ పోతూ ఉన్నా జానయ్య తొమ్మిది రోజులు కూర్చున్నాడు. టాపు అయినాక దవాఖానకు పోదామని భార్యతో అన్నాడు.

టాపు ఎండకు ఆరాక సాయికిరణ్ వచ్చి, దాన్నీ ఆయన్నీ ఎక్కించుకుని హైవే మీది షోరూముకు తీసుకెళ్లాడు. ఆ పాత జీపునే కంపెనీ కొత్త రూపంలో తెచ్చింది. గుండ్రటి లైట్లు పోయి పలకల్లాంటివి వచ్చాయి. గుడ్డ టాపు పోయి ఇనుప కప్పు వచ్చింది. షోరూము ముందు కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని కంపెనీని తిడుతున్నారు. దాని ముఖం ఫ్రిజ్‌లా ఉందని ఒకడన్నాడు. ఇంకొకడికి నిజంగానే కళ్లు తడిశాయి.

జానయ్య కొత్త బండి కప్పును అరచేత్తో నిమిరాడు. ఎవరో మైకు పెట్టి ఎలా ఉందని అడిగారు.

"మంచిగనే ఉంది సార్. వాన లోపలికి రాదు."

అందరూ నవ్వారు. ఆ ముక్క తీసెయ్యమని సాయికిరణ్ చెప్పాడు.

తర్వాత టాపును నేల మీద పరిచారు. ఏ బండికి బిగిస్తారోనని జానయ్య తాళ్లు విప్పడానికి వంగాడు. సాయికిరణ్ ఆయన భుజం పట్టి పక్కకు జరిపి, దాని మీద పెట్రోలు పోశాడు.

"గిదేంది సార్? బండికి కాదా?"

"కంపెనీ మీద నిరసన వీడియోకి, పెద్దాయనా. చిరుగుల గుడ్డ కాలిస్తే ఏం బాగుంటది? మీరు అక్కడే నిలబడండి, మొహం కనపడాలి."

మైనం పట్టించిన కుట్లు కాలడానికి చాలాసేపు పట్టింది. ఎంత గట్టిగా కుట్టాడోనని వాళ్లు మెచ్చుకున్నారు. జానయ్య నిలబడమన్నచోటే నిలబడ్డాడు. ఏడవలేదు. అందుకని మళ్లీ తీద్దామనుకున్నారు గానీ, తెచ్చిన టాపు ఒకటే.

ఆయన్ని దింపాలని ఎవరికీ తోచలేదు. ఎండలో నడుచుకుంటూ షెడ్డుకు వచ్చాడు.

"బండి మీద మంచిగ కూసున్నదా?" అని బాలనర్సమ్మ అడిగింది.

"మంచిగ కూసున్నది" అని కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. ఆమె చాయ్ కాచి తెచ్చేసరికి తల మిషను మీద వాల్చి ఉన్నాడు. చెయ్యి చక్రం మీదే ఉంది. పిలిచింది, కుదిపింది. లేవలేదు.

సాయంత్రానికి వీడియోను లక్షమంది చూశారు. లైట్ల గురించే వాదులాడుకున్నారు. వెనక నిలబడ్డ ముసలాయన ఎవరని ఒకరు అడిగితే, ఎవరో దారిన పోయేవాడని సాయికిరణ్ రాశాడు. మూడు వారాలకు అతనే ఆ కొత్త బండిని తెల్లరంగులో బుక్ చేసుకున్నాడు.

షెడ్డులో మిషను మీద ఒక ఆటో సీటు కవరు, సగం దాకా కుట్టి, సూది లోపలికి దిగినచోటే ఆగి ఉంది.