అంత్యక్రియల రోజున పళ్ల బండి

సిడ్నీలో కూర్చున్న పెద్దలకు క్యాలెండరులో శుక్రవారం ఖాళీగా కనిపించింది. అందుకని పళ్ల డాక్టర్ల బండి శుక్రవారమే బురాలా అనే ఊరికి వచ్చింది. ఆ రోజు ఊళ్లో అంత్యక్రియలున్నాయని లోరెల్ మూడు ఉత్తరాలు రాసింది. మూడింటికీ "మీ సూచనకు ధన్యవాదాలు" అని ఎంతో చక్కగా జవాబొచ్చింది.

ఊరి ఆదిమవాసులు నడుపుకునే ఆరోగ్య కేంద్రంలో లోరెల్ ఉద్యోగం. ఇరవై మంది నోరు చూపించుకుంటేనే బండి మళ్లీ ఏడు వస్తుంది. లేకపోతే పన్ను నొప్పికి రెండు వందల కిలోమీటర్లు పోవాల్సిందే.

బండితో వచ్చిన అధికారి ప్రెస్కాట్ చావడి ముందు మనిషెత్తు ప్లాస్టిక్ దవడ నిలబెట్టి గడియారం చూసుకున్నాడు.

"ఏమ్మా, మీవాళ్లకి పళ్ల మీద శ్రద్ధ లేదా?"

"ఉంది సార్. ప్రస్తుతం శ్మశానంలో ఉంది."

"ఊరంతానా?"

"పోయినాయన ఊరందరికీ మామయ్యే."

మధ్యాహ్నానికి మూడూళ్ల చుట్టాలు చావడికి తిరిగొచ్చి శాండ్‌విచ్‌ల పళ్లేలు అందుకున్నారు. ఇన్ని నోళ్లు ఒక్కచోట! లోరెల్‌కి ప్రాణం లేచొచ్చింది. ఊరి పెద్దావిడ వెర్నా అత్తతో మెల్లగా మాట్లాడదామని అడుగు వేసిందో లేదో, ప్రెస్కాట్ మైకు పట్టుకుని, పళ్లు చూడాల్సినవాళ్ల జాబితాలో మొదటి పేరు చదివాడు.

అది పోయినాయన పేరు. పోయినవాళ్ల పేరు పలకని ఊళ్లో, పూడ్చి గంటైనా కాకముందే. వినబడలేదేమోనని రెండోసారి కూడా.

నములుతున్న నోళ్లు ఆగిపోయాయి. ఇద్దరు కారు తాళాలు తీశారు.

పోయినాయనకు అక్కైన వెర్నా అత్త లేచి మైకు లాక్కుంది.

"వాడు రాడు నాయనా. వాడి పళ్లు ముప్పై ఏళ్లుగా గ్లాసులోనే పడుకున్నాయి. అప్పట్లో ఇలాంటి బండి ఒకటొచ్చుంటే ఆ గ్లాసుతో పనుండేది కాదు. ఎవరూ కదలకండి! ముందు నేనెక్కుతా, నా వెనక మనవలు, వాళ్ల వెనక అమ్మలు. బాబూ, ఆ కాగితం ఇటిచ్చి వంటింట్లోకి నడు. గిన్నెలున్నాయి."

ప్రెస్కాట్ నడిచాడు. నిజం చెప్పొద్దూ, గిన్నెలు తళతళలాడేలా తోమాడు. ఆ చేతికి మైకు కంటే పీచే నప్పింది.

కుర్చీలో అత్త నోరు తెరిచేసరికి పిల్లలు తోసుకుంటూ వరసకట్టారు. బ్రష్షులు చేతికి రాగానే పెద్దపిల్లలే చిన్నవాళ్లకు తోమడం నేర్పారు. గడ్డాల మీద నురగలతో చావడి నిండా కిలకిల. సాయంత్రానికి నలభై మూడు నోళ్లు.

ప్రెస్కాట్ నివేదిక తెచ్చాడు. "మా పకడ్బందీ ప్రణాళిక వల్ల విశేష స్పందన" అని రాసుకున్నాడు. లోరెల్ నవ్వు మింగి, మళ్లీ ఏటి తేదీ గడిలో "వెర్నా అత్త చెప్పిన రోజు" అని నింపి సంతకం పెట్టింది.

"ఆవిడ ఫోన్ నంబరివ్వు మరి."

"ఫోన్లో చెప్పదు సార్. వచ్చి, కూర్చుని, టీ తాగి అడగాలి."

"ఎంతసేపు పడుతుంది?"

"మీరు మాట్లాడకుండా ఉంటే, తొందరగానే."